షెడ్డుకో సొంత డీబీ

పెరట్లో రేకుల షెడ్డు వేసి, చెక్కపనికో చిన్న వెల్డింగుకో మెషిన్లు తెచ్చుకునేవాళ్లకు కరెంటు సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. వంటింటి ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగేస్తారు. కటింగ్ మెషిన్ ఆన్ చేయగానే ఇంట్లో లైట్లు డిమ్మవుతాయి. ఒక హెచ్‌పీ మోటారు మామూలుగా 6, 7 ఆంపియర్లతో తిరుగుతుంది గానీ, స్టార్టయ్యే క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. వైరు 1.5 స్క్వేర్ ఎంఎందై, దూరం 30 మీటర్లుంటే ఆ క్షణాన పాతిక వోల్టులు దారిలోనే పోతాయి. 4 స్క్వేర్ వైరైతే పోయేది పది వోల్టులే.

షెడ్డుకు విడిగా డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) పెట్టించుకోమనేది ఇందుకే. ఇంటి మెయిన్ బోర్డులో దానికో ఎంసీబీ, అక్కణ్ణుంచి నేలలోపల ఆర్మర్డ్ కేబుల్, షెడ్డులో ఐసొలేటరు, ఆర్‌సీసీబీ, ఆపైన మెషిన్‌కొక ఎంసీబీ. ఈ లైను ఇంటి ఆర్‌సీసీబీకి ముందే తీయించాలి. లేదంటే గ్రైండర్ లీకేజీకి ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోవచ్చు.

ఎంసీబీ కాపాడేది ముఖ్యంగా వైరుని, మెషిన్‌ని కాదు. ఈ ఒక్క ముక్క తెలియక జరిగే అనర్థాలే ఎక్కువ. ఊరికే ట్రిప్పవుతోందని 16 తీసి 32 వేయించేస్తే ట్రిప్పవడం ఆగుతుంది, పైపులో వైరు కాగడం మొదలవుతుంది. కమురు వాసన వస్తే గానీ తెలియదు. ఇబ్బంది మోటారు స్టార్టింగుతోనే అయితే మార్చాల్సింది ఆంపియర్లు కాదు, రకం. ఎంసీబీ మీద అంకె ముందుండే అక్షరం చూడండి. 'బీ' రకం 3 నుంచి 5 రెట్ల కరెంటుకే తటాలున పడిపోతుంది. 'సీ' 5 నుంచి 10 రెట్ల దాకా ఓర్చుకుంటుంది. మోటార్లకు సాధారణంగా అదే సరి. వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 'డీ' కావాల్సి రావచ్చు.

30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీది వేరే లెక్క. ఫేజులో వెళ్లినంత కరెంటూ న్యూట్రల్లో తిరిగొచ్చిందా లేదా అన్నదే అది చూస్తుంది. వైరు మిగులుతుందని షెడ్డు లైటు న్యూట్రల్‌ని ఇంటి న్యూట్రల్లో కలిపారో, స్విచ్చి వేసినప్పుడల్లా పడిపోతుంది. పాపం, తప్పు దానిది కాదు! షెడ్డు డీబీలో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేయడం ఇంకా ప్రమాదం. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే మెషిన్ బాడీకే కరెంటొస్తుంది.

ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. పనయ్యాక ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ మీరే నొక్కి చూసుకోండి. వెల్డింగ్ మెషిన్ కొనేముందు మాత్రం మీకు మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూసుకుని, చాలకపోతే ముందుగా డిస్కంకి దరఖాస్తు పెట్టండి.