మాతృభాష అను గడి

నిజామాబాదు జిల్లా బోధను ప్రాంతమున ఏ సర్కారు బడికేగి ప్రవేశపు రిజిష్టరు తెరచి చూచినను, విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వీనితోపాటు 'మాతృభాష' అను చిన్న గడి యొకటి కనబడును. తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ అను మాటలు ఒకే పుటలో ఒకదాని క్రింద నొకటిగా నుండుట ఈ నేలవారికి వింతగా తోచదు. బిడ్డ చేరిననాడు శ్రద్ధగా నింపబడు ఆ గడిని, ఉపాధ్యాయుని నియమించునాడు చూచువారు మాత్రము లేరు.

ఇన్ని భాషలను ఇచ్చటికి చేర్చినవి నీరు, చక్కెర. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువలు పారినంతమేర వరియు చెరకును విరివిగా పండసాగెను. తడి వ్యవసాయమున ఆరితేరిన కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు భూములు కొని వర్ని, కోటగిరి, బోధను పరిసరములయందు స్థిరపడిరి. వారి ఊళ్ళలో పెక్కింటికి నేటికిని 'క్యాంపు' అనియే పేరు. 1937లో శక్కర్‌నగరున నెలకొని, ఒకప్పుడు ఆసియాఖండముననే పెద్దదిగా పేరొందిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పలుదిక్కులనుండి పనివారిని రప్పించుకొన్నది. మంజీరకు ఆవల నాందేడు జిల్లా. అచ్చటి మరాఠీ ఏటి అడ్డును ఎన్నడును లెక్కచేయలేదు.

ఇంటి మాటకును బడి మాటకును నడుమ అగాధము ఈనాటిది కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున వెలసిన పిదప, దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని యావద్భారతమునకు నిరూపించిన హైదరాబాదు రాజ్యముననే, అత్యధిక ప్రజల దేశభాష యైన తెలుగు పైతరగతుల వాకిట నిలిచిపోయెను. ప్రాథమిక విద్య మాతృభాషలో జరుగవలెనని పదే పదే కోరిన ఆంధ్ర మహాసభ 1937లో మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన నిజామాబాదుననే సమావేశమైన దను సంగతి ఈ పట్టణవాసులలో ఎందరికి జ్ఞప్తియున్నదో!

1948లో పోలీసు చర్య జరిగి, పాఠశాలలలో ఉర్దూ స్థానమున తెలుగు ప్రవేశించినప్పుడు, తెలుగులో శాస్త్రములు బోధింపగల వారు స్థానికులలో చాలినంతమంది లేరను కారణముచే కోస్తా జిల్లాలనుండి ఉపాధ్యాయులను రప్పించిరి. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని ఆ కొరతకు తెలంగాణ యువకులు బాధ్యులు కారు, తమ భాషలో తమ్ము చదువనీయని ఏర్పాటే బాధ్యము. పదునైదేండ్ల నివాసము వంటి అర్హతలచే ముల్కీగా, అనగా స్థానికునిగా, గుర్తింపబడినవానికే ఉద్యోగమిచ్చు నియమమొకటి యుండగా, దొంగ ధ్రువపత్రములతో పరులు కొలువులు పొందుచున్నారని ప్రజలు వాపోయిరి. 1952 జూలై చివర హనుమకొండ విద్యార్థులు మొదలిడిన అలజడి ఉపాధ్యాయ నియామకముల మీదనే పుట్టినది. 'నాన్ ముల్కీ గో బ్యాక్' అను నినాదము ఊరూర వ్యాపించి, సెప్టెంబరు 3న హైదరాబాదు సిటీ కళాశాల యొద్ద పోలీసు కాల్పులకు దారితీసెను; బూర్గుల రామకృష్ణారావు గారి ప్రభుత్వము జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి గారిచే విచారణ జరిపించినది.

ఆ విద్యార్థుల పక్షమున న్యాయమున్నదని నేను నిస్సంకోచముగ నమ్మెదను. చదువుకొని కూర్చున్న ఇంటివానికి అన్నము పెట్టని కొలువులో పొరుగువానిని కూర్చుండబెట్టుట ఏ రాజ్యమునకును తగదు. వేదన పొట్టకూటిని గురించి మాత్రమే కాదు. మక్కలన్న బిడ్డను మొక్కజొన్న యనుమని దిద్దుచు, దర్వాజను గుమ్మముగా మార్చుచు, 'సమజైంది' అన్నంతనే తరగతి యెల్ల నవ్వునట్లు చేసిన పంతులు, తెలుగు బిడ్డకు తెలుగులోనే పరాయితనమును రుచిచూపెను. తల్లి మాట 'తప్పు' అని బడిలో ప్రథమముగా విన్న పిల్లవాడు ఆ తరువాత నోరు విప్పుటకు ఎంతకాలము పట్టునో అనుభవించినవారికే ఎరుక. వచ్చినవారందరును అట్టివారు కారు. పల్లెలలో కాపురముండి, ఇచ్చటి పలుకుబడిని నేర్చి, ఇచ్చటనే మట్టిలో కలిసిన పంతుళ్ళను తలచుకొని చేతులెత్తి మ్రొక్కు ముదుసలులు నిజామాబాదు పల్లెలలో నేటికిని కలరు.

అయినను ఆ పోరాటము గురువు పుట్టిన ఊరిని అడిగెను గాని, ఎదుట కూర్చున్న శిశువు పలుకును అడుగలేదు. ముల్కీ ధ్రువపత్రము పిదప, స్థానికుల కొలువులను గూర్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తరువు, 1985 నాటి 610వ జీవో, 2021 నాటి 317వ జీవో వరకు మన వివాదములన్నియు ఆ బాటనే నడిచినవి. నిజామాబాదు జిల్లాలోనే పుట్టి, స్థానికుడని ధ్రువీకరింపబడిన తెలుగు ఉపాధ్యాయుడు, లంబాడీ తప్ప వేరెరుగని అయిదేండ్ల తండాపిల్ల యెదుట, 1952లో గుంటూరునుండి వచ్చిన పంతులు కంటె ఏ విధమున దగ్గరివాడు?

శాసనకర్తలు దీనిని ఎరుగకపోలేదు. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింప రాష్ట్రములను ఆదేశించుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టమును అదే చెప్పుచు, 'సాధ్యమైనంతవరకు' అను నొక్క మాటను చేర్చినది. సాధ్యము కానిదెట్లో బోధనులోని ఉర్దూ బడుల నడిగిన తెలియును. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ మాధ్యమపు పోస్టులకు ఉర్దూలో చదివిన అభ్యర్థులు దొరకక, డీఎస్సీ పిదప డీఎస్సీ గడచినను అవి ఖాళీగానే మిగులుచున్నవి. రిజర్వేషను తప్పు కాదు; అన్నే పోస్టులను తెలుగు మాధ్యమమున ఆ వర్గములకే అదనముగా నిచ్చి, ఉర్దూ ఖాళీలను ఉర్దూ ఎరిగినవారితో నింపిన ఉభయులకును న్యాయము జరుగును. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికారభాషగా చేసిన ప్రభుత్వమునకు ఇది భారము కానేరదు.

ఆ గడిలోని భాషలును మారుచునే యున్నవి. 2015 డిసెంబరులో శక్కర్‌నగరు కర్మాగారము మూతపడగా చెరకు చేలనేకము వరిమళ్ళైనవి. రైసు మిల్లులలో బీహారు హమాలీలు బస్తాలు మోయుచున్నారు. ఇంకను చెరకు కోత సాగుచోట్ల నవంబరులో వచ్చు కూలీల బిడ్డలు వేసవి ముఖము చూపగనే వెడలిపోదురు. బడి సంవత్సరము జూనున మొదలగునని వారి పొట్టకు తెలియదు. తెలంగాణలోనే కొన్ని జిల్లాలలో ఇటుక బట్టీల యొద్ద బడులు తెరచి, ఒడిశా కూలీల పిల్లలకు ఒడియా ఎరిగినవారిచే చదువు చెప్పించిరి. బట్టీ యొద్ద చేతనైనది చెరకుతోట యొద్ద ఏల చేతకాదు?

2022-23 నుండి సర్కారు బడులలో ఒకటినుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము వచ్చినది. అంతకు ముందే 26,065 బడులను 7,289 కోట్ల రూపాయలతో బాగుచేయుటకు 'మన ఊరు - మన బడి' సంకల్పింపబడెను. దుబాయిలో ఎండకెండి వచ్చిన ఆర్మూరు తండ్రి తన కొడుకునకు ఇంగ్లీషు కావలెనని కోరుట అవివేకమనువారితో నేనేకీభవింపజాలను. అక్షరమెరుగక పరభాషా కాగితముపై వ్రేలిముద్ర వేసినవాని కోరిక యది. అయితే ఆంగ్లపదమును శిశువు చిత్తమున నాటుటకు సయితము ఆ శిశువు మాటలోనే గోయి త్రవ్వవలెను. రేషనలైజేషను పేర పోస్టుల నటునిటు జరుపునప్పుడు అధికారులు పిల్లల తలలు లెక్కించుచున్నారు. నాలుకలను గూడ లెక్కింపుడని నా మనవి. లెక్క క్రొత్తగా వ్రాయనక్కరలేదు, రిజిష్టరులోనే యున్నది.

జూను మాసమున బడులు తెరచిన వారమున, కొంగు పట్టుకొన్న పిల్లవానితో నొక తల్లి బల్లముందు నిలుచును. "ఇంట్ల ఏం మాట్లాడుతరమ్మా?" అని హెడ్మాస్టరు అడుగును. "మరాఠీ సార్. తెలుగు జెర జెర వస్తది, వీనికి అది గూడ రాదు. మీరే చూడుండ్రి" అని ఆమె చెప్పును. ఆయన ఆ గడిలో మరాఠీ యని వ్రాసి, సిరా ఆరువరకు నిలిచి, పుట త్రిప్పును.