లెక్కల పట్టమునకు లెక్క

ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిదప నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమలో, ఉదయగిరి మొదలు ఆత్మకూరు వరకు, పెక్కు ఇండ్లలో ఒకే ప్రశ్న తలయెత్తును: "మన బిడ్డకు లెక్కలనిన ప్రీతి. కాని లెక్కల బి.యస్సీ. చదివించినచో పెట్టినది తిరిగివచ్చునా?" వాన కురిసిననే పైరు, లేనిచో బీడు అను సీమలో ఈ ప్రశ్న ధనాశవలన పుట్టినది కాదు, బాధ్యతవలన పుట్టినది. కావున దీనికి లెక్కగానే సమాధానము చెప్పవలెను.

మొదట ఖర్చు. కళాశాల జీతము ఇందు మిక్కిలి చిన్న పద్దు. పేద విద్యార్థుల జీతములను ప్రభుత్వము చెల్లించు పద్ధతి 2008 నుండి ఏదో యొక పేరున సాగుచున్నది. ఆ సొమ్ము వేళకు రాని యేండ్లును కలవు. పెద్ద పద్దులు వేరు. ఉదయగిరినుండి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఆత్మకూరునుండి అందులో సగమునకు మించి. నిత్యము వచ్చిపోవుట అలవికాదు. గది బాడుగ, భోజనము తప్పవు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కు కుటుంబమునకైనను, ఆత్మకూరు పొలములలో కూలికి పోవు కుటుంబమునకైనను, మూడేండ్లు సంపాదింపని రెండు చేతులే అన్నిటికంటె పెద్ద ఖర్చు.

ఇక రాబడి. లెక్కల పట్టమనగా లెక్కల పంతులు ఉద్యోగమని మనలో వాడుక. ఆ దారి పొడవెంత? పట్టమునకు మూడేండ్లు. 2015 నుండి బి.యిడి. రెండేండ్ల చదువైనది. అటుపైన డి.యస్సీ. ఆంధ్రప్రదేశమున 2018లో ప్రకటన వెలువడగా, నియామకములతో ముగిసిన తదుపరి పెద్ద డి.యస్సీ. 2025లో గాని రాలేదు. ఆ యేట ప్రకటించిన కొలువులు 16,347. అవి అన్ని తరగతులకు, అన్ని పాఠ్యవిషయములకు కలిపి. 2019లో బి.యిడి. ముగించినవాడు ఆరేండ్లు ఎదురుచూడవలసివచ్చెను. ఈ నిరీక్షణను ఖర్చులో వేయని తండ్రి లెక్క తప్పును.

అట్లని పట్టము వ్యర్థమా? కల్యంపూడి రాధాకృష్ణరావుగారి జీవితము చూడుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన ఆయనకు వెంటనే ఉద్యోగము దొరకలేదు. సైనిక సర్వేశాఖలో కొలువు కోరి కలకత్తాకు పోయి, అది చేజారగా, 1941లో అచ్చటి భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. 1945లో, పాతికేండ్ల ప్రాయమున, ఆయన ప్రకటించిన వ్యాసములోని ఫలితములు నేటికిని ప్రపంచమంతట విద్యార్థులకు పాఠములు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము పొంది, ఆ యేటనే 102 యేండ్ల వయసున కన్నుమూసెను. అందరును రావుగారు కాలేరు. కాని ఆ కథలోని లెక్క అందరికిని వర్తించును: ఒంటి పట్టము కొలువు నీయలేదు, దానిపై లేపిన రెండవ అంతస్తు ఇచ్చెను.

ఆ అంతస్తునకు మెట్లు నేడు కలవు. గణాంకశాస్త్రము, కంప్యూటరు విద్య, బీమా కంపెనీల అంచనాలు అన్నియు గణితమునే అడుగును. ఐ.ఐ.టి.లలో ఎం.యస్సీ. ప్రవేశమునకు ఏటేట జామ్ అను పరీక్ష జరుగును, దానికి బి.యస్సీ. పట్టము చాలును. ఈ వార్త మెట్టపల్లెలకు ఆలస్యముగా చేరుటయే మన నష్టము.

అయితే ఒక నియమము. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనిగించునపుడు ఉదాహరణములను తనవిగా మార్చుకొనెను. లెక్కను తనదిగా చేసికొనుటయే చదువు. గైడు చూచి బట్టీపట్టి తెచ్చుకొన్న పట్టము ఎంత చౌకగా వచ్చినను ప్రియమే.

కావున తల్లిదండ్రులు అడుగవలసినది "మూడేండ్లకు ఏ ఉద్యోగము?" అని కాదు. "ఐదేండ్లు ఓపిక పట్టగలమా? మన బిడ్డ ఎవరి సాయమును లేక ఒక కొత్త లెక్క చేయగలడా?" అని. రెంటికిని అవునను ఇంట ఆ ఖర్చు విత్తనమువంటిది. కాదను ఇంట మరియొక చదువు చూచుకొనుట అవమానము కాదు. అదియును సరియైన లెక్కయే.