గుఱ్ఱపు నాడీకణములు

ఉదయగిరి ప్రాంతపు మెట్టసీమలో కలిగిరి యొక ఊరు. మా బాల్యమున ఆ ప్రాంతపు బాటలపై జట్కాబండ్లు తిరుగుచుండెడివి. ఒకనాడు మా వీథిలో ఒక జట్కా గుఱ్ఱము కాళ్లు వణకుచు కూలబడెను. పసరువైద్యము చేసిరి, ఉలవగుగ్గిళ్లు నోటికందించిరి. అది లేవలేదు. ముసలి బండివాడు దాని మెడ నిమురుచు, “దీనికి మాటలు వచ్చియుండిన, నొప్పి యెచ్చటనో చెప్పెడిదయ్యా!” అని మా నాయనగారితో వాపోయెను. ఆ మాట నేను మఱవలేదు. మూగజీవి చెప్పలేనిదానిని దాని కణములచేత చెప్పించు ఉపాయమొకటి నేడు కలదు. బాలులారా, దానిని గూర్చి తెలిసికొందము.

మెదడునుండి బయలుదేరిన ఆజ్ఞలను కండరములకు చేర్చునవి నాడీకణములు. తంతితీగవలె ఇవి స్వల్పమైన విద్యుత్తు రూపమున వార్తలను మోయును. ఈ కణములు చెడినచో కండరము బలముగా నున్నను కదలదు. బ్రిటను దేశమున గుఱ్ఱములకు ‘గడ్డిజబ్బు’ అను వ్యాధి వచ్చును. అందు ప్రేగులను నడపు నాడులు చెడి, గుఱ్ఱము మేత మ్రింగలేక కృశించును. 1990లో అమెరికాలో మఱియొక వ్యాధి వర్ణింపబడినది. చిరకాలము పచ్చిమేత లేక, ‘ఇ’ విటమిను కొఱతపడిన గుఱ్ఱములలో కండరములను కదలించు నాడీకణములే నశించుచున్నవని తేలినది. మనుష్యులకును ఇట్టి చలననాడీ వ్యాధులు కలవు.

వీనిని పరిశోధించుట యెట్లు? ప్రాణముతోనున్న జంతువు మెదడును కోసి చూడరాదు గదా! అదియుగాక, ఎదిగిన నాడీకణము చర్మకణమువలె విభజనచెంది వృద్ధిపొందదు. 1907లో రాస్ హారిసన్ అను శాస్త్రజ్ఞుడు కప్పపిండమునుండి తీసిన నాడీభాగమును ద్రవబిందువులో నుంచి, దాని తంతువులు పెరుగుట కనులార చూచెను. శరీరము వెలుపలను కణములను పెంచవచ్చునని దీనివలన స్పష్టమయ్యెను.

2006లో జపానులోని క్యోటోలో షిన్యా యమనాక మఱియొక అద్భుతము చేసెను. చిట్టెలుక తోకకొననుండి తీసిన కణములలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టగా, అవి పిండదశలోని కణములవలె మాఱెను. ఎండిన పచ్చికుండను నీట నానబెట్టి మరల మట్టిముద్ద చేసినట్లయినది. ఆ ముద్దతో కుమ్మరి వేఱొక పాత్రను మలచగలడు. అట్లే ఈ మూలకణములనుండి ఏ యవయవపు కణములనైనను పొందవచ్చును. ఇందులకు ఆయనకు 2012లో జాన్ గర్డన్‌తో కూడ నోబెలు బహుమానము లభించెను.

స్కాట్లండులోని రోస్లిన్ సంస్థ 1996లో డాలీ యను గొఱ్ఱె పుట్టిన చోటు. అచ్చటి శాస్త్రజ్ఞులు 2014లో ఈ మార్గమునే గుఱ్ఱమునకు అన్వయించిరి. గుఱ్ఱపుపిల్ల చర్మమునుండి కొన్ని కణములను గ్రహించి, వానిని మూలకణములుగా మార్చి, తగిన పోషకద్రవములలో పెంచి, నాడీకణములుగా ఎదుగజేసిరి. పిదప సన్నని గొట్టములవంటి పరికరములతో పరీక్షింపగా, అవి నిజమైన నాడులవలెనే విద్యుత్సంకేతములను వెలువరించినవి. రూపమే కాదు, పనియు కుదిరినదన్నమాట.

దీనివలన ప్రయోజనమేమి? వ్యాధి కారకమని తోచిన పదార్థమును గాజుపళ్లెములోని కణములపై చల్లి ఫలితము చూడవచ్చును. ఔషధమునుకూడ ముందు అచ్చటనే పరీక్షింపవచ్చును. జీవజంతువులకు కలుగు బాధ కొంత తగ్గును. అయినను పళ్లెములోని కణము పూర్తి గుఱ్ఱము కాదు. అచ్చట పనిచేసిన మందు దేహమునందును పనిచేయునని నమ్మరాదు. ఓర్పుతో పలుమాఱులు పరీక్షించుటయే శాస్త్రమార్గము.

గుఱ్ఱమునకు మనము ఋణపడియున్నాము. పాముకాటునకు వాడు విరుగుడుమందు గుఱ్ఱపు రక్తమునుండియే తయారగుచున్నది. చేలలో కాటుబడిన రైతులెందఱో దానివలన బ్రదికిరి. ఆ ఋణము కొంతైన తీర్చుకొనుటకు ఈ విద్య తోడ్పడును. కణములను పరిశోధించు గొప్ప సంస్థ 1977లో హైదరాబాదులోనే వెలసినది. మీలో నొకరు రేపు అట్టి చోట కూర్చుండి, ఆనాటి బండివాని ప్రశ్నకు సమాధానము చెప్పుదురుగాక!