మాయను తూచే యంత్రం

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ప్రసూతి వార్డులో బిడ్డ వెనకాలే మాయ పడుతుంది. నర్సు దాన్ని ట్రేలో పరిచి, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందేమోనని చూస్తుంది. ఆపైన అది పసుపు సంచిలోకి పోతుంది. నెలల తరబడి బిడ్డకు ఊపిరితిత్తులుగా, మూత్రపిండాలుగా పనిచేసిన అరకిలో కండ అది. అందులో వేల రకాల ప్రొటీన్లుంటాయి.

వాటిని గుర్తుపట్టి లెక్కగట్టేది మాస్ స్పెక్ట్రోమీటర్. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ అనే శాస్త్రవేత్త దీన్ని తయారుచేసి, నియాన్‌లో వేర్వేరు బరువుల పరమాణువులు ఉన్నాయని తేల్చాడు. విద్యుదావేశం ఎక్కి, ఆవిరిగా ఎగిరే వాటినే ఈ యంత్రం తూచగలదు. ప్రొటీన్లేమో వేడి తగిలితే చితికిపోతాయి. అందుకే చాలా ఏళ్లు ఇది రసాయన శాస్త్రవేత్తల సొత్తుగానే ఉండిపోయింది.

ఈ చిక్కు విప్పినవారిలో జాన్ ఫెన్ ఒకడు. డెబ్బై ఏళ్లు నిండాయని యేల్ విశ్వవిద్యాలయం రిటైర్ చేసిన మనిషి! ప్రొటీన్ కలిపిన ద్రవాన్ని సన్నని సూదిగుండా, వేల వోల్టుల మధ్య తుంపరగా చిమ్మించాడు. తుంపర ఆరేకొద్దీ చినుకులు చీలి చీలి, చివరికి ఆవేశంతో నిండిన ప్రొటీన్ చెక్కుచెదరకుండా మిగిలింది. ఏనుగులకు రెక్కలు తొడిగామని ఆయనే చమత్కరించాడు. 2002లో, 85వ ఏట, ఫెన్‌కు నోబెల్ వచ్చింది. పేటెంటు కోసం యేల్‌తో సాగిన వ్యాజ్యంలో మాత్రం ఆయన ఓడిపోయాడు.

2000లో అలెగ్జాండర్ మకరోవ్ ప్రకటించిన ఆర్బిట్రాప్ ఇంకా సూక్ష్మమైనది. కదురు ఆకారపు లోహపు కడ్డీ చుట్టూ అయాన్లు తిరుగుతూ, దాని పొడవునా ముందుకీ వెనక్కీ ఊగుతాయి. ఆవేశం సమానమైతే తేలికైనది వడిగా ఊగుతుంది. ఆ వడిని బట్టే బరువు కడతారు. చిత్తూరు నుంచి నాలుగు గంటల దారిలోని బెంగళూరులో, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ ఈ రకం యంత్రాలతోనే జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన అఖిలేశ్ పాండే బృందంతో కలిసి 2014లో మానవ ప్రొటీన్ల పటం గీసింది. 30 రకాల కణజాలాలు, కణాలు పరీక్షిస్తే 17,294 జన్యువుల ప్రొటీన్లు దొరికాయి. ఆ ముప్పైలో మాయ కూడా ఉంది.

అయితే ఒక్కో కణజాలానికి ముగ్గురి నమూనాలు కలిపేశారు. జాబితా రాయడానికి అది సరైన పద్ధతే. తేడాలు వెతకడానికి మాత్రం పనికిరాదు.

మాయ అంతటా ఒకేలా ఉండదు మరి. బొడ్డుతాడు దగ్గర ఒక తీరు, అంచున ఒక తీరు. తల్లి వైపు వేరు, బిడ్డ వైపు వేరు. రక్తం అందక గట్టిపడిన మచ్చలు మధ్యమధ్య తగులుతాయి. ముక్కను సెలైన్‌లో సరిగ్గా కడగకపోతే హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ మిగతావాటిని కమ్మేస్తాయి. ద్రవ నత్రజనిలో వేయడం ఆలస్యమైతే ప్రొటీన్లు మారిపోతాయి. గంటల తరబడి నొప్పులు పడిన తల్లి మాయకూ, నొప్పులు రాకముందే సిజేరియన్ చేసిన తల్లి మాయకూ పోలిక పెడితే, కనిపించే తేడా జబ్బుదో ప్రసవానిదో తేలదు. గుర్రపువాతానికి దారితీసే రక్తపోటు మూలాన్ని మాయలో వెతికేవారికి ఇదే పెద్ద తలనొప్పి. యంత్రం తప్పు తూచదు. కత్తి ఎక్కడ పడిందో దానికి తెలియదు, అంతే.

పెద్ద ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ వైద్య సంస్థ, ఐసర్ విజ్ఞాన సంస్థ అందుబాటులో ఉన్న తిరుపతిలో ఇలాంటి అధ్యయనానికి పూనుకునేవారు యంత్రానికి అర్జీ పెట్టేముందు నమూనాల రిజిస్టరులో నాలుగు గడులు గీసుకోవాలి: తాడు నుంచి ఎంత దూరం, ఎంత లోతు, నొప్పులు ఎన్ని గంటలు, గడ్డకట్టించడానికి ఎన్ని నిమిషాలు.