పిల్లులలో ఎడతెగని దురద, చర్మశోథ: కారణ నిర్ధారణ, సురక్షిత చికిత్స

ధాన్యం నిల్వచేసే ఇళ్లలో ఎలుకల బెడద తగ్గించడానికి పిల్లిని పెంచడం గ్రామాలలో పాత అలవాటే. పట్టణాలలో పర్షియన్ వంటి జాతులను ఇష్టంగా పెంచుతున్నారు. పిల్లి అదేపనిగా గోక్కోవడం, వెంట్రుకలు ఊడిపోవడం, చర్మం ఎర్రబడి పుండ్లు పడడం యజమానులను తరచుగా కలవరపరిచే సమస్య. దురద స్వయంగా ఒక వ్యాధి కాదు, అనేక వ్యాధులకు ఉమ్మడి లక్షణం. కారణం తెలుసుకోకుండా దురదను మాత్రమే అణచివేస్తే అసలు వ్యాధి ముదురుతుంది. కుక్కకు లేదా గేదెకు తెచ్చిన మందును పిల్లికి పూస్తే ప్రాణమే పోవచ్చు. ఈ రెండు పొరపాట్లను నివారించే క్రమాన్ని ఈ వ్యాసంలో వివరించడమైనది.

దురదను గుర్తించడం

పిల్లి గోళ్లతో గోక్కోవడమే కాక, నాకడం ద్వారా కూడా దురద తీర్చుకుంటుంది. దాని నాలుకపై వెనుకకు వంగిన గరుకు ముళ్లు ఉండడం వలన, పదేపదే నాకిన చోట వెంట్రుకలు తెగిపోతాయి. చాలా పిల్లులు ఎవరూ చూడనప్పుడు నాకుతాయి కనుక యజమాని "జుట్టు రాలుతోంది" అని మాత్రమే చెప్పవచ్చు. ఆ చోటి వెంట్రుకలను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కొనలు విరిగి ఉంటే పిల్లి నాకి తెంపుకున్నదని అర్థం.

దురద నాలుగు రూపాలలో కనబడుతుంది.

1. తల, మెడపై గోకిన గాయాలు.
2. పొట్ట, తొడల లోపలి భాగంలో వెంట్రుకలు లేకపోవడం.
3. వీపు, మెడపై చేతికి కొర్రగింజల వలె తగిలే చిన్న పొక్కులు.
4. పై పెదవిపై పుండు, లేదా పొట్టపై ఉబ్బెత్తుగా, తడిగా ఉండే ఎర్రని మచ్చలు.

ఈ రూపాలలో ఏదీ ఒకే వ్యాధికి పరిమితం కాదు. రూపాన్ని బట్టి మందు రాయడం సరికాదు.

ముఖ్య కారణాలు

ఫ్లీ పురుగులు: రెక్కలు లేకుండా గెంతే ఈ రక్తపు పురుగులలో పిల్లులపై ప్రధానంగా కనిపించేది టీనోసెఫలైడిస్ ఫెలిస్. దీని లాలాజలానికి అలర్జీ ఉన్న పిల్లిలో కొద్దిపాటి కాట్లే తీవ్రమైన దురదకు చాలు. పిల్లి నాకి మింగేయడం వలన పురుగు కంటికి కనబడకపోవచ్చు. గుడ్లు, లార్వాలు, ప్యూపాలు పిల్లి పడుకునే చోట, నేల పగుళ్లలో ఉంటాయి.

గజ్జి: నోటోయెడ్రిస్ కాటి అనే మైట్ చెవి అంచున మొదలై ముఖం, మెడకు వ్యాపిస్తుంది. చర్మం మందమై బూడిదరంగు పెచ్చులు కడుతుంది. ఒక పిల్లి నుండి మరొకదానికి త్వరగా సోకుతుంది. పిల్లిని ఎత్తుకునేవారికి కూడా తాత్కాలికంగా దద్దుర్లు రావచ్చు. ఓటోడెక్టిస్ సైనోటిస్ అనే మైట్ చెవిలో చేరితే కాఫీపొడి వంటి నల్లని గుమిలి కనబడుతుంది.

తామర: మైక్రోస్పోరమ్ కేనిస్ అనే శిలీంధ్రం ముఖ్య కారకం. దురద స్వల్పంగా ఉండవచ్చు. ఇది మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు సోకుతుంది.

అలర్జీ: ఆహారంలోని మాంసకృత్తులు లేదా ధూళి మైట్లు, పుప్పొడి వంటివి కారణం కావచ్చు.

నిర్ధారణ క్రమం

సులభమైన పరీక్షల నుండి కఠినమైన వాటికి వెళ్లాలి. ముందుగా ఇంట్లోని ఇతర జంతువులకు, మనుషులకు దురద ఉన్నదీ లేనిదీ, ఇప్పటికే ఏమి పూశారో అడగాలి. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని రేణువులను తడిపిన తెల్ల కాగితంపై ఉంచాలి. వాటి చుట్టూ ఎర్రమట్టి రంగు వ్యాపిస్తే అవి జీర్ణమైన రక్తం కలిగిన ఫ్లీ విసర్జితాలు. తరువాత చర్మపు గీకుడు, చెవి గుమిలి, పుండు నుండి తీసిన ముద్రలను సూక్ష్మదర్శినిలో పరీక్షించాలి. తామర అనుమానం ఉంటే వుడ్స్ దీపం కింద వెంట్రుకలు ఆపిల్ పచ్చ రంగులో మెరుస్తాయేమో చూడాలి. మెరవనంత మాత్రాన తామర లేదని చెప్పరాదు, శిలీంధ్ర వర్ధనం చేయించాలి.

ఇవన్నీ ముగిశాక, పురుగు కనబడకపోయినా ఫ్లీ నివారణ చికిత్స పూర్తిచేయాలి. అప్పటికీ దురద తగ్గకపోతే, పిల్లి ఇంతకుముందు తినని మాంసంతో కనీసం 8 వారాలు ఆహార పరీక్ష జరపాలి. ఈ కాలంలో పాలు, చేపముక్క వంటివి కొంచెం పెట్టినా పరీక్ష వృథా అవుతుంది.

చికిత్స

ఫ్లీలు, గజ్జి, చెవి మైట్లకు సెలామెక్టిన్‌ను కిలో శరీర బరువుకు 6 మి.గ్రా. చొప్పున మెడ వెనుక చర్మంపై నెలకొకసారి వేయవచ్చు. ఇంట్లోని పిల్లులన్నింటికీ ఒకేసారి చికిత్స చేయాలి, పడకగుడ్డలను వేడినీటితో ఉతకాలి. తామరకు ఇట్రాకొనజోల్‌ను కిలోకు 5 మి.గ్రా. చొప్పున రోజుకొకసారి, ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపుతూ మూడు విడతలు ఇస్తారు. అలర్జీ నిర్ధారణ అయిన తరువాతనే ప్రెడ్నిసొలోన్ లేదా సైక్లోస్పోరిన్ వాడాలి. దీర్ఘకాలం పనిచేసే స్టిరాయిడ్ ఇంజెక్షన్లను మాటిమాటికీ ఇస్తే మధుమేహం రావచ్చు, తామర విస్తరించవచ్చు.

పిల్లికి వాడరాని మందులు

కుక్కల పిడుదులకు వాడే పర్మెత్రిన్ పిల్లికి విషం. కొన్ని రసాయనాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయంలో చాలా తక్కువ. అందువలన ఆ మందు శరీరంలో నిలిచిపోయి చెవులు అదరడం, వణుకు, చొంగ, మూర్ఛలు కలిగిస్తుంది. మందు పూసిన కుక్క పక్కన పడుకున్నా పిల్లికి ముప్పు ఉంది. పశువుల కొట్టంలో పిచికారీ చేసే సైపర్మెత్రిన్, డెల్టామెత్రిన్ ద్రావణాలు, అమిట్రాజ్, బెంజైల్ బెంజోయేట్ పూతలు కూడా వాడరాదు. పూసిన ప్రతిదానినీ పిల్లి నాకుతుంది కనుక కిరోసిన్, వేపనూనె, కర్పూరం కలిపిన నూనెలు సైతం ప్రమాదకరమే.

పొరపాటున పూసినట్లు వెంటనే గుర్తిస్తే గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో కడిగి, తుడిచి, వెచ్చగా ఉంచి ఆసుపత్రికి తరలించాలి. వణుకు మొదలైతే ఇంటివద్ద ఆలస్యం చేయకూడదు. మందు డబ్బాను వెంట తీసుకువెళ్లాలి.

ముగింపు

పశువుల పిడుదుల నివారణపై రైతులకు సలహా ఇచ్చే ప్రతి సందర్భంలో "ఇంట్లో పిల్లి ఉందా?" అని విస్తరణ సిబ్బంది అడగాలి. మిగిలిన మందును పిల్లికి పూయవద్దని, పిచికారీ చేసిన కొట్టం పూర్తిగా ఆరేవరకు పిల్లిని దూరంగా ఉంచాలని ఆ సలహాలోనే చేర్చాలి. ఒక దువ్వెన, తడి కాగితం, సూక్ష్మదర్శిని చాలావరకు కారణాన్ని చూపగలవు. వాటి తరువాతనే మందు గురించి ఆలోచించడం పిల్లికి, దానిని పెంచే కుటుంబానికి కూడా క్షేమం.