‘లేదు’ వేరు, ‘కనబడలేదు’ వేరు

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి డాక్యుమెంటేషను అంటే ఎంత ప్రేమో మనకందరికీ తెలిసిందే. రిలీజు అయ్యాక, టైముంటే, ఎవరైనా గట్టిగా అడిగితే రాస్తాం. ఎలాగూ ఎవరూ చదవరన్న ధీమా ఒకటి! ఇప్పుడా ధీమా పోయింది. ఏఐ ఏజెంటు మనం రాసినదాన్ని ప్రతిసారీ చదువుతుంది. అందులో లేని సంగతిని పక్క సీటాయన్ని అడిగే వీలు మాత్రం దానికి లేదు.

నేను చెప్పబోయేది చాలా చిన్న టూలు గురించి. “మన దగ్గర ఏయే డేటా ఉంది?” అని అడిగితే జాబితా ఇచ్చేది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో ఇలాంటి టూలుకి ఒక పేరు, ఒక వివరణ, ఏ ఇన్‌పుట్లు ఇవ్వాలో చెప్పే స్కీమా ఉంటాయి. లోపలి కోడు మోడలుకి కనబడదు. ఆ నాలుగు వాక్యాల వివరణే దానికి మాన్యువలు.

ఇక్కడ న్యూజెర్సీలో మా ఆఫీసుకి ఒక కాంట్రాక్టు సంస్థ రాసిచ్చిన టూలుకి “ఫైళ్ళ జాబితా ఇస్తుంది” అని ఒకే ఒక్క వాక్యం ఉండేది. ఫైళ్ళన్నీ అమెజాన్ ఎస్3లో ఉంటాయి, పేర్లు తేదీతో మొదలవుతాయి. నెలాఖరు లెక్కలు చూసే ఒకావిడ “ఈ నెల ఇన్వాయిసు ఫైళ్ళు వచ్చాయా?” అని ఏజెంటుని అడిగితే, “ఈ నెలవి ఏమీ లేవు” అని ధైర్యంగా చెప్పేసింది. ఆవిడ మళ్ళీ పంపమని మెయిలు రాయబోయింది. వాళ్ళు పంపి, ఇక్కడ మళ్ళీ లోడయితే ఒకే బిల్లుకి రెండు పేమెంట్లు వెళ్ళే ప్రమాదం. ఫైళ్ళు మాత్రం ఉండవలసిన చోటే ఉన్నాయి!

కారణం తెలిస్తే నవ్వొస్తుంది. ఎస్3ని జాబితా అడిగితే ఒక్క విడతలో గరిష్ఠంగా 1000 పేర్లే ఇస్తుంది. మామూలు బకెట్లలో అవి అక్షర క్రమంలో వస్తాయి. పేరు 2023-01-05 లాగా మొదలైతే పాతవి ముందు, కొత్తవి చివర. అంటే మొదటి వెయ్యితో ఆగిపోతే, తెగిపోయేవి సరిగ్గా మనకి కావలసిన కొత్త ఫైళ్ళే. ఇంకా ఉన్నాయన్న గుర్తునీ, తరవాతి విడతకి కావలసిన టోకెన్నీ ఎస్3 ఇస్తూనే ఉంది. మధ్యలో టూలు ఆ రెండూ పారేసి పేర్లు మాత్రం అందించింది. మనిషయితే సరిగ్గా 1000 అన్న అంకె చూడగానే అనుమానపడతాడు. ఆ అనుమానానికే మనకి జీతాలిస్తారని నా అభిప్రాయం.

డేటాబేసుల్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమాని టేబుళ్ళ జాబితా అడిగితే, అడిగిన యూజరుకి ఏదో ఒక హక్కు ఉన్న టేబుళ్ళే కనబడతాయి. మిగతావాటికి ఎర్రరు కూడా రాదు, వరుసలు తగ్గుతాయి, అంతే. ఏజెంటుకి జాగ్రత్తకోసం తక్కువ హక్కులున్న లాగిన్ ఇస్తాం, మంచిపనే. దాంతో అది చూడగలిగే ప్రపంచమూ చిన్నదవుతుంది. ఆ సంగతి దానికెవరు చెప్పాలి?

అందుకని టూలు ఏమిస్తుందో ఒక్క వాక్యంలో ముగించి, ఏమివ్వదో చెప్పడానికి మిగతా చోటు వాడమంటాను. మేము మార్చి రాసిన వివరణ తెలుగులో చెప్పాలంటే ఇది: “ఈ ఒక్క బకెట్టులోని ఫైళ్ళ పేర్లే, విడతకి 1000 చొప్పున, అక్షర క్రమంలో ఇస్తుంది. ఇంకా ఉంటే టోకెను వస్తుంది. టోకెను రావడం ఆగేదాకా అడగకుండా ఏ ఫైలూ లేదని చెప్పవద్దు. ఒక నెలవే కావాలంటే ఆ నెలని ప్రిఫిక్సుగా ఇవ్వాలి. ఫైలు మారిన సమయాలు యూటీసీలో ఉంటాయి.” ఆ చివరి వాక్యం హైదరాబాదు టీము పెట్టించింది. వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదికే యూటీసీలో తేదీ మారుతుంది, వాళ్ళకేమో తెల్లవారుఝామున ఐదున్నర దాకా నిన్నటి తేదీయే!

వివరణ మార్చి ఊరుకుంటే చాలదు లెండి. టోకెను బయటికి ఇచ్చేలా కోడూ మార్చాం. జాబితా చివర “1000 ఇచ్చాను, ఇంకా ఉన్నాయి” అని ఒక మాట చేర్చాం, ఎక్కువ ఉపయోగపడింది అదేనని నాకనిపిస్తుంది. అలాగని వివరణ రామాయణమంత రాయకూడదు. అది ఏజెంటుకి పంపే ప్రతి అభ్యర్థనతోనూ వెళుతుంది, ఆ టోకెన్లకి బిల్లు మనకే వస్తుంది.

ఇప్పుడు మా దగ్గర వివరణలో ఒక్క మాట మార్చినా కోడు మార్చినట్టే రివ్యూకి వెళ్ళాలి. మార్పుకి ముందూ తరవాతా ఏజెంటుని అవే పది ప్రశ్నలు అడిగి చూస్తాం. అందులో మొదటిది ఆవిడ అడిగిన ప్రశ్నే.