రెండు కిటికీల కెమేరా: మంచి లెన్సుకు ఏ పెట్టె?

చూపుడు వేలిని ముక్కుకు ఎదురుగా జానెడు దూరంలో నిలబెట్టండి. ముందు ఎడమకన్ను మూసి చూడండి, తరువాత కుడికన్ను మూసి చూడండి. వేలు వెనుక గోడ మీద అటూ ఇటూ గెంతినట్లు కనిపిస్తుంది. చెయ్యి బారజాపి చూస్తే ఆ గెంతు తగ్గుతుంది. అంటే గెంతును కొలిస్తే వేలి దూరం చెప్పవచ్చునన్నమాట. దీనినే పారలాక్స్ అంటారు. రేంజ్‌ఫైండర్ అనే ఫిల్ము కెమేరా పనిచేసేది ఈ కిటుకు మీదనే.

ఈ కెమేరా ముఖాన రెండు కిటికీలుంటాయి. ఒకదానిలోంచి మనం దృశ్యాన్ని నేరుగా చూస్తాం. రెండవదానిలోంచి వచ్చిన కాంతి, సగం వెండిపూత పూసిన అద్దం మీద పరావర్తనం చెంది మొదటి దృశ్యం మధ్యలో పడుతుంది. అందువల్ల ఎదుటి మనిషికి రెండు ముక్కులు కనబడతాయి! లెన్సు మీది కడియాన్ని తిప్పితే లెన్సు ముందుకు జరుగుతుంది. దాని వెనుక అంచుకు ఆనుకున్న చిన్న చక్రం కూడా జరిగి, రెండవ ప్రతిబింబాన్ని కదుపుతుంది. ముక్కులు రెండూ ఒకటయ్యాయంటే ఫోకస్ కుదిరినట్లే. 1932లో వచ్చిన లైకా-2 కెమేరాలో ఈ ఏర్పాటు ఉంది.

“బొమ్మను తీర్చేది లెన్సు. కెమేరా వట్టి చీకటిపెట్టె. మంచి లెన్సు కొని, ఏ పెట్టెకు తగిలిస్తేనేం?” అని చాలామంది అంటారు. ఇందులో సగమే నిజం. రేంజ్‌ఫైండర్‌లో మన కన్ను లెన్సులోంచి చూడదు, కిటికీలలోంచి చూస్తుంది. లెన్సు ఎంత గొప్పదైనా దూరాన్ని కొలిచేది పెట్టే. ఆ కొలత తప్పితే ఖరీదైన లెన్సు కూడా మసక బొమ్మనే ఇస్తుంది.

కొలత ఎంత నిక్కచ్చిగా ఉంటుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. కిటికీల మధ్య దూరం ఒకటి, దృశ్యాన్ని ఎంత పెద్దగా చూపుతుందన్నది రెండవది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే అసలు బలం. 1954 నాటి లైకా ఎమ్-3లో కిటికీల మధ్య 68.5 మి.మీ. ఉంటుంది, దృశ్యం 0.91 వంతు పరిమాణంలో కనిపిస్తుంది. గుణిస్తే సుమారు 62 మి.మీ. జపానులో కొసినా సంస్థ 2002లో తెచ్చిన ఫోక్ట్‌లాండర్ బెస్సా-ఆర్2లో ఆ అంకెలు 37, సుమారు 0.7. గుణిస్తే 26 మాత్రమే.

ఈ తేడా వల్ల నష్టం ఎంత? లెక్క వేద్దాం. మామూలు కన్ను డిగ్రీలో 60వ వంతు కోణాన్ని గుర్తించగలదు. మనిషి 3 మీటర్ల దూరంలో ఉంటే, కంటికి చిక్కని పొరపాటు ఎమ్-3లో అటూ ఇటూ 4 సెం.మీ., బెస్సాలో 10 సెం.మీ. ఉంటుంది. ఇప్పుడు లెన్సు ఎంత పొరపాటును క్షమిస్తుందో చూడాలి. ఫిల్ము మీద 0.03 మి.మీ. మసకను సరిపెట్టుకుంటే, అదే దూరంలో 35 మి.మీ. నాభ్యంతరం, ఎఫ్/2 ద్వారం గల లెన్సుకు సుమారు 90 సెం.మీ. లోతు స్పష్టంగా వస్తుంది. దానికి ఏ పెట్టె అయినా చాలు. 90 మి.మీ., ఎఫ్/2 లెన్సుకైతే ఆ లోతు 13 సెం.మీ. మాత్రమే, అంటే అటు ఆరున్నర, ఇటు ఆరున్నర. ఎమ్-3 నెగ్గుతుంది, బెస్సా ఓడుతుంది.

అయితే ఎమ్-3యే అందరికీ ఉత్తమమా? కాదు. దృశ్యాన్ని పెద్దగా చూపే కిటికీలో విశాలమైన దృశ్యం ఇమడదు. అందులో 50, 90, 135 మి.మీ. లెన్సుల హద్దుగీతలే ఉన్నాయి. వీధులు, గుంపులు తీయడానికి 35 మి.మీ. లెన్సు వాడేవారు సాధారణంగా పైన వేరే కిటికీ తగిలించుకుంటారు. 1984లో వచ్చిన ఎమ్-6 సుమారు 50 మి.మీ. బలంతో మధ్యేమార్గంగా నిలుస్తుంది. నన్నడిగితే, ఒకే పెట్టెతో అన్ని లెన్సులూ వాడాలనుకునేవారికి ఇలాంటిదే మేలు. చేతిలో 35 మి.మీ. ఒక్కటే ఉన్నవారు మాత్రం అంత ఖర్చు పెట్టనక్కరలేదు.

లెన్సు కూర్చునే కడియానికీ ఫిల్ముకూ మధ్య దూరం మరో సంగతి. లైకా ఎమ్ రకంలో అది 27.8 మి.మీ., పాత మరచుట్టు రకంలో 28.8. తేడా సరిగ్గా ఒక మిల్లీమీటరు. అందుకే ఒక మి.మీ. మందం గల కడియం తొడిగి పాత లెన్సులను ఎమ్ పెట్టెకు బిగించవచ్చు. ఎమ్ లెన్సును పాత పెట్టెకు బిగించడం మాత్రం కుదరదు. ద్వారం బాగా పెద్దదై ఎఫ్/1 అయితే, ఈ దూరంలో 0.03 మి.మీ. తేడా వచ్చినా బొమ్మ మసకబారుతుంది. తల వెంట్రుక మందం కూడా అంతకన్నా ఎక్కువే!

పాత కెమేరా కొనేవారు దుకాణం బల్ల మీదే తృప్తిపడకూడదు. లెన్సును అనంత దూరానికి తిప్పి చంద్రుణ్ణి చూడాలి. ఇద్దరు చంద్రులు పక్కపక్కన కనిపిస్తే దూరం కొలత తప్పింది. ఒకరిపై ఒకరు కనిపిస్తే అద్దం నిలువుగా జరిగింది. రెండింటినీ మరమ్మతు చేసేవారు సరిచేయగలరు. ఇదే పరీక్ష సూర్యుడితో మాత్రం ఎన్నడూ చేయకండి. కంటికి ప్రమాదం. పైగా ఈ కెమేరాలో లెన్సుకూ షట్టరుకూ మధ్య అద్దం అడ్డు ఉండదు కాబట్టి, లైకాలోని గుడ్డ షట్టరుకు భూతద్దం కింది కాగితంలాగా చిల్లు పడుతుంది.